తాంబూలం మీద వచ్చిన కాయ్దా

ఓట్లు అడగడానికి మా గల్లీకి ఎవరు వచ్చినా మా నాయిన అడిగే ప్రశ్న ఒక్కటే. "మేం రస్తా మీద పడుగు పరిచినప్పుడు బండ్లను ఆపుతరా, ఆపరా?"

స్వరాజ్యం ఎప్పుడొస్తుందని అడగడు. జొన్నల ధర తగ్గిస్తారా అని అడగడు. వచ్చినవాళ్లు పెద్ద పెద్ద మాటలతో మొదలుపెడితే చేతిలోని కుంచె కింద పెట్టకుండానే, "అది సరే గని, బండ్ల సంగతి చెప్పుండ్రి" అనేవాడు. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టుండేది. ఢిల్లీ దాకా పోవలసిన మాటను మా గల్లీ మలుపులోనే నిలబెట్టేస్తున్నాడే అనుకునేదాన్ని.

కానీ ఆయన బతుకంతా ఆ మలుపులోనే ఉంది. సోలాపూరులో మా పేటలో ఇంటికి ఒకటో రెండో మగ్గాలుండేవి. మా ఇంట్లో మాత్రం మగ్గం లేదు. నాయిన పడుగులకు గంజి పెట్టే పెద్ద. తెలతెలవారుతుండగా అమ్మ పెద్ద కుండలో గంజి కాచేది. నాయిన గల్లీ ఈ చివరన, ఆ చివరన కర్రలు కత్తెరగా నిలబెట్టి, వాటి మధ్య నూలు పోగులను బిగువుగా లాగి పరిచేవాడు. అదే పడుగు. దానికి గంజి పట్టకపోతే మగ్గం మీద పోగు నిలవదు, గుడ్డ పడదు. నాయిన కుంచె పట్టి ముందు నడిస్తే గల్లీలోని ఆడామగా అటూ ఇటూ నిలబడి తెగిన పోగులు ముడేస్తూ వెనక నడిచేవాళ్లు. ఇవాళ వాళ్ల పడుగుకు మనం పోతే, రేపు మన పడుగుకు వాళ్లు వస్తారు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, రస్తా తప్ప అంత పొడవైన జాగా పేటలో మరొకటి లేదు.

సరిగ్గా ఆ వేళకే కొంతం చౌక్ వైపు నుంచి మండీకి పోయే ఎడ్లబండ్లు మా గల్లీలోంచి అడ్డదారి పట్టేవి. మంచివాడైతే పడుగు ఎత్తేదాకా ఆగి, బీడీ ముట్టించుకుని, మాతో నాలుగు మాటలు మాట్లాడేవాడు. కానివాడైతే "బాజూలా హో!" అని, పక్కకు తప్పుకోమని మరాఠీలో ఒక్క కేక వేసి తోలేసేవాడు. ఒకసారి ఎద్దు కొమ్ము తగిలి ఒకరింటి పెళ్లిచీరల పడుగు నడిమికి తెగిపోయింది. తడి పోగులన్నీ మట్టిలో పడి ఉండలు చుట్టుకున్నాయి. నాయిన ఆ రోజు అన్నం ముట్టలేదు.

పెద్ద యుద్ధానికి రెండేళ్ల ముందు శాసనసభ ఎలక్షన్లలో మూడు పార్టీలు మా గల్లీకి వచ్చాయి. వాటి అసలు పేర్లు మా ఇళ్లలో ఎవరూ వాడేవాళ్లు కాదు. టోపీలవాళ్లు, పాగాలవాళ్లు, ఎర్రజెండావాళ్లు, అంతే. నేను మునిసిపాలిటీ బడిలో మరాఠీ చదువుకున్నదాన్ని. పెళ్లయినా అదే గల్లీలో, పుట్టింటికి ఎదురువరసలోనే కాపురం. అందుకని మూడు పార్టీల కాగితాలూ చదివి చెప్పే పని నా నెత్తిన పడింది. పడుగు పక్కన నడుస్తూ చదివేదాన్ని. ఈ చివర టోపీలవాళ్లది మొదలుపెడితే ఆ చివరకు చేరేసరికి పాగాలవాళ్లది అయిపోయేది. తిరిగి వచ్చేటప్పుడు ఎర్రజెండా. "మళ్లొక్కసారి చదువు బిడ్డా, ముగ్గురూ ఒక్క తీరుగనే చెప్పినట్టున్నరు" అనేది అమ్మ. అప్పట్లో ఆస్తో చదువో ఉన్నవాళ్లకే ఓటు, ఆమెకు లేదు. ఇల్లు సొంతమని నాయినకు వచ్చింది, చదువు వచ్చని నాకు వచ్చింది. ఓటు లేని అమ్మే అందరికన్నా శ్రద్ధగా వినేది.

పాగాలవాళ్లు షావుకార్లు. "మునిసిపాలిటీల చెప్పి చూస్తం" అన్నారు. బండ్లు వాళ్లవే కదా, వాళ్లెందుకు ఆపుతారు అన్నది అమ్మ. ఆ పార్టీ సంగతి అక్కడితో తేలిపోయింది.

ఎర్రజెండావాళ్లను తీసుకొచ్చింది మా చిన్నాయిన. నాయినకు సొంత తమ్ముడు. బట్టల మిల్లును మేం గిరణి అనేవాళ్లం. చిన్నాయిన ఆ గిరణిలో పనిచేసేవాడు. ఆయన వెంట వచ్చిన మనిషి నాయిన ప్రశ్న విని తల అడ్డంగా ఊపాడు. "చూడు దాదా, బండ్లు ఆగినా ఆగకున్నా చేతిమగ్గం నిలవదు. గిరణి కూలీ జీతం పెంచుతం, పని గంటలు తగ్గిస్తం. నువ్వు కూడ గిరణికి రా" అన్నాడు.

నాయిన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇంటికొచ్చి నీ ఇల్లు కూలుతది అని చెప్పేటోనికి ఓటెందుకెయ్యాలె?"

"మరి అబద్ధం చెప్తే ఏస్తవా?" అన్నాడు చిన్నాయిన.

"ముందుగాల చెప్పనియ్యి, తర్వాత చూస్త."

గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ముగ్గురిలో నిజం చెప్పినవాడు ఆ ఒక్కడేనని తెలిసేనాటికి నవ్వే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

టోపీలవాళ్ల తరఫున నిలబడ్డది మా కులంవాడే, మా గల్లీలో పుట్టినవాడే. వాళ్ల నాయిన మగ్గం మా నాయిన గంజి పెట్టిన పడుగుల మీదే నడిచింది. పూణెలో చదివి వకీలయ్యాడు. తెల్ల టోపీ, తెల్ల కోటు వేసుకుని వచ్చి, చెప్పులు విడిచి, నాయిన కాళ్లకు దండం పెట్టాడు. "మామా, పడుగుకు బండికి తగువు లేకుండ నేనే కాయ్దా తెస్త" అన్నాడు. కాయ్దా అంటే చట్టం. ఆ ఒక్క ముక్కతో నాయిన మొహం వెలిగిపోయింది. వాళ్ల పార్టీ కాగితంలో కూడా చేతిమగ్గాన్ని కాపాడతామని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను రెండుసార్లు చదివాను. అమ్మ మూడోసారి చదివించుకుంది.

ఇక చూడండి నాయిన హడావుడి. గంజి పని కాగానే తలపాగా చుట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. ఓటున్నవాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. చిన్నాయినతో మాటలు మానేశాడు. వకీలు గెలిచిన రోజు గల్లీలో గులాలు ఎంత చల్లారంటే, మర్నాడు పరిచిన పడుగు గులాబీ రంగు తేలింది. ఆ చీరలు కొన్నవాళ్లు ఏమనుకున్నారో ఏమో!

చాలా నెలల తర్వాత వకీలు శాసనసభ నుంచి ఊరికి వస్తున్నాడని కబురు తెలిసింది. కాయ్దా తయారు చేశాడట, అది చెప్పడానికే వస్తున్నాడట. గుడి అరుగు మీద పెద్ద చాప పరిచారు. కులపెద్ద వచ్చి మధ్యలో కూర్చున్నాడు.

ఇక్కడ మా కులం పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఆ తర్వాత జరిగింది ఎవరికీ నమ్మబుద్ధి కాదు. మాలో ఏ తగువు వచ్చినా, ఏ కట్టుబాటు పెట్టినా ఆ చాప మీదే. చాప మీద కూర్చున్నవాడికి తాంబూలం అందిస్తారు. అతను తాంబూలం పుచ్చుకుని మాట చెబితే ఆ మాట అప్పటికప్పుడే అమలు. మళ్లీ చర్చ లేదు, మరో రోజు లేదు. అది పోవాలంటే చెప్పినవాడే అదే చాప మీద తాంబూలం తిరిగి ఇవ్వాలి. ఇంకో సంగతి కూడా ఉంది. నా పెళ్లికి ముందు స్వరాజ్యం గొడవల్లో మా ఊళ్లో సర్కారు ఫౌజు, అంటే సైన్యం, దిగింది. సర్కారు చాటింపు చెవిన పడిందంటే ఆ నిమిషం నుంచే కాయ్దా. నెత్తిన తెల్ల టోపీ ఉందని మనుషులను పట్టుకుపోయిన రోజులవి. కులం మాటైనా, సర్కారు మాటైనా పలికిందంటే పడిందే అని మాకు ఒంటికి పట్టిపోయింది.

ఆ రోజు తాంబూలం అందించే గౌరవం నాయినకు ఇచ్చారు. ఆయనకు అంతకంటే పెద్ద పండుగ ఏముంది? ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. ఇత్తడి పళ్లెంలో ఆకులు, వక్కలు పెట్టుకుని రెండు చేతులా అందించాడు. వకీలు చాప మీద కూర్చుని నవ్వుతూ పుచ్చుకున్నాడు. సభలో పని తీరు ఎలా ఉంటుందో చెప్పాడు, మంత్రులతో మాట్లాడానన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. మా గల్లీ బాధ సభ దాకా తీసుకుపోయానన్నాడు. ఇంకా గట్టిగా కొట్టాం.

"రస్తా అందరిది. బండ్లను ఆపుమంటే ఏ సర్కారు ఒప్పుకోదు. మరి తగువు తీరుడు ఎట్ల? నేను మస్తు ఆలోచించిన. పడుగే రస్తా మీద లేకుంటే తగువే లేదు. దుమ్ములో గంజి పెట్టుడు ఒంటికి కూడ మంచిది కాదు. అందుకే సభలో బిల్లు పెట్టిన. నేత ఊర్లల్ల ఇగ ఎవ్వరూ రస్తా మీద పడుగు పరచొద్దు. గంజి పనికి సర్కారు వేరే షెడ్లు కట్టియ్యాలె."

చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. బండ్లను ఆపమని పంపితే మమ్మల్నే ఆపి వచ్చాడా? కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనా? నాయిన వైపు చూశాను. ఖాళీ పళ్లెం ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

"షెడ్లు ఎక్కడున్నయ్, వకీల్ సాబ్?" అన్నాడు.

"వస్తయి మామా. సర్కారు కట్టిస్తది."

వకీలు మోసగాడు కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట నేను అనలేను. ఆయన మొహంలో మంచి పని చేసినవాడి సంతోషమే కనిపించింది. అదే నాకు ఇంకా భయం వేసింది. దొంగయితే తిట్టి వెళ్లగొట్టేవాళ్లం. ఆకు నములుతూ అందరికీ దండం పెట్టి కారెక్కి హోట్గి రోడ్ వైపు వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగింది. అప్పుడు కులపెద్ద లేచి, "తాంబూలం పుచ్చుకున్నడు, మాట పడ్డది. రేపటి సంది రస్తా మీద పడుగు లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున గల్లీ బోసిగా ఉంది. అంత వెడల్పుగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియనే తెలియదు. బండ్లు హాయిగా పోయాయి. ఒక బండివాడు ఆగి, ఎవరన్నా పోయారా అని అడిగాడు.

విషయం తెలిసి చిన్నాయిన పరుగెత్తుకొచ్చాడు. టోపీలవాళ్ల పాత కాగితం ఎక్కడో దాచిపెట్టాడు, దాన్ని నా ముందు పరిచాడు. ఆ వారం పత్రికలో వకీలు బిల్లు గురించి నాలుగు వాక్యాలు పడ్డాయి, అది పక్కన పెట్టాడు. రెండూ చదవమన్నాడు. ఒక దాంట్లో చేతిమగ్గాన్ని కాపాడతాం అని ఉంది. రెండో దాంట్లో రస్తా మీద పడుగు పరిస్తే జుల్మానా కట్టాలి అని ఉంది. ఆ పార్టీ మాట ఇది, ఆ పార్టీ మనిషి బిల్లు ఇది. రెండూ ఒకే నోటితో చదివాను. పార్టీ కాగితంలో పడుగు మాట గానీ, షెడ్డు మాట గానీ ఎక్కడా లేవు. ఇది పార్టీ చెప్పింది కాదు, ఆయన సొంత తెలివి.

"మోర్చా తీద్దాం పా అన్నా. మా గిరణోళ్లు కూడ వస్తరు" అన్నాడు చిన్నాయిన. ఎలక్షన్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"తాంబూలమిచ్చిన చేత్తోని జెండా పట్టుకోనా?" అన్నాడు నాయిన. రెండు కాగితాలూ మడిచి చిన్నాయిన చేతిలో పెట్టాడు.

షెడ్లు వస్తాయని కొన్నాళ్లు చూశాం. వర్షాకాలం పోయింది, పండుగలు పోయాయి, ఒక్క రాయి కూడా పడలేదు. మగ్గాలు ఎన్నాళ్లని ఆగుతాయి? ముందు నా మామగారింట్లో, తర్వాత ఒక్కొక్క ఇంట్లో, మిషను మీద గంజి పట్టిన పడుగులు షావుకారు దగ్గర కొనడం మొదలుపెట్టారు. పాగాలవాళ్లకు ఓటు వేయకుండానే వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాం. నాయిన కొన్నాళ్లు అరుగు మీద కూర్చుని గల్లీ చూశాడు. చివరకు చిన్నాయినే చెయ్యి పట్టుకుని గిరణిలో గంజి పట్టే విభాగంలో పనికి పెట్టించాడు. అక్కడ ఎండ లేదు, గాలి లేదు, ఆవిరి తప్ప మరేమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన చేతుల చర్మం తెల్లగా నాని ఉండేది. తర్వాత దగ్గు పట్టుకుంది. కుంచె మాత్రం గోడకు తగిలించి ఉండేది. ప్రతి దసరాకూ దించి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ తగిలించేవాడు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పారేయమని ఒకసారి అరిచాను కూడా.

"కాయ్దా ఎప్పటికీ ఉంటదా బిడ్డా? ఎప్పుడో లేపుతరు" అన్నాడు.

ఈలోగా యుద్ధం వచ్చింది. మంత్రులంతా గద్దెలు దిగిపోయారు, సభ మూతపడింది. వకీలు కూడా కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఇవన్నీ నేను నాయినకు పత్రికలో చదివి చెబుతూనే ఉన్నాను. సభ మూతపడితే అందులో పెట్టిన బిల్లు ఏమైనట్టు? ఆ ప్రశ్న నాకు తట్టలేదు, గల్లీలో ఎవరికీ తట్టలేదు. చాప మీద పడ్డ మాట పడ్డట్టే కదా?

యుద్ధం ముగిశాక మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. మళ్లీ మూడు పార్టీలు, మళ్లీ కాగితాలు. ఈసారి నన్నెవరూ చదవమనలేదు. ఒకనాడు పొద్దున్నే వకీలు కారు గల్లీలోకి వచ్చింది. జుట్టు నెరిసింది గానీ దండం పెట్టే తీరు మారలేదు. నాయినకు ఆ రోజు గిరణి సెలవు. అరుగు మీద నుంచి లేవబోయి, దగ్గు తెర వచ్చి మళ్లీ కూర్చున్నాడు. గల్లీలోవాళ్లు చుట్టూ చేరారు. కులపెద్ద కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

నాయిన ఈసారి బండ్ల సంగతి అడగలేదు. రెండు చేతులూ జోడించాడు. ఆయన అలా ఎవరికైనా చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు.

"వకీల్ సాబ్, ఈసారి గెలిస్తే నువ్వు పెట్టిన ఆ కాయ్దా జర లేపు. ఇన్నేండ్లు ఒక్క పోగు కూడ రస్తా మీద పరచలే. నీ మాట తప్పలే. నా చాతి గిరణి ఆవిరికి తట్టుకుంటలేదు. నా పని నాకు ఇయ్యి."

"ఏ కాయ్దా మామా?" అన్నాడు వకీలు.

నిజంగానే గుర్తు లేదు ఆయనకు! కులపెద్ద గుర్తుచేశాడు: పడుగు, రస్తా, షెడ్లు, తాంబూలం. వకీలు మొహంలో నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది.

"అది బిల్లే కదా మామా! కాయ్దా కానేలేదు. సభ ముందట పెట్టిన, అంతే. ఒక్క దినం కూడ చర్చకు రాలేదు. సభ పోయింది, దానెంబడే బిల్లు పోయింది." మా మొహాలు చూసి గొంతు తగ్గించాడు. "మీరు... పడుగు పరచుడు బంద్ చేసిన్రా? ఎవరన్నా పోలీసోళ్లు వచ్చిన్రా? ఎవరన్నా జుల్మానా వేసిన్రా?"

ఎవరూ రాలేదు. ఎవరూ ఎప్పుడూ రాలేదు. పడుగే పరచనప్పుడు ఎవరొచ్చి ఆపుతారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, లేని కాయ్దాను గల్లీ గల్లీ అంతా ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకు మోసింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"నాకు ఒక్కలన్నా చెప్పలేదేంది?" అన్నాడు వకీలు, దాదాపు ఏడుపు గొంతుతో. "నేను తాంబూలం మర్యాదకు పుచ్చుకున్న అనుకున్న!"

"చాప మీద పుచ్చుకున్నవు కదా, వకీల్ సాబ్. ఈ గల్లీల పుట్టినోడివే కదా" అన్నాడు నాయిన. నిష్ఠూరంగా అనలేదు. గుర్తుచేస్తున్నట్టు అన్నాడు.

సరే, రేపటి నుంచే పరుచుకోండి అన్నాడు వకీలు. కులపెద్ద ఒప్పుకోలేదు. సర్కారు కాయ్దా లేకపోయినా కులం మాట ఉంది. తాంబూలం తిరిగి ఇవ్వాల్సిందే. కారులో వచ్చిన టోపీల కుర్రాళ్లు మరాఠీలో ఏదో గొణిగారు. కుల పంచాయితీలు పోవాలని వాళ్ల పార్టీ ఆ నెలలోనే పెద్ద తీర్మానం చేసింది, ఇప్పుడు వాళ్ల మనిషే చాప మీద ఎలా కూర్చుంటాడని వాళ్ల బాధ. వకీలు వాళ్లను చేత్తో ఆపి గుడి వైపు నడిచాడు. చాప పరిచారు. వకీలు ఆకులు, వక్కలు పళ్లెంలో పెట్టి నాయినకు తిరిగి ఇచ్చాడు. నాయిన పళ్లెం కళ్లకద్దుకున్నాడు. "మాట లేచింది. రేపటి సంది పడుగు రస్తా మీదికి రావొచ్చు" అన్నాడు కులపెద్ద. చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు.

ఆ సాయంత్రం పుట్టింట్లో ఇల్లు పట్టనంత సందడి. నాయిన గోడ మీది కుంచె దించి నీళ్లలో నానబెట్టాడు. అటక మీది కత్తెరకర్రలు తుడిచాడు. అమ్మను పెద్ద కుండ తియ్యమన్నాడు. దగ్గుతూనే ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు. అందరూ సరే, సరే అన్నారు. సరే అనక ఏమంటారు?

పొద్దున నేను పుట్టింటి గుమ్మంలోకి వచ్చేసరికి నాయిన గల్లీ మధ్యలో నిలబడి ఉన్నాడు. పక్కన గంజి కుండ, ఇంకా ఆవిరి వస్తోంది. ఈ చివరన కర్రలు, ఆ చివరన కర్రలు. మధ్యలో ఏమీ లేదు.

ఎవరూ రాలేదు. రావద్దని కాదు. ఎవరింట్లోనూ గంజి పెట్టవలసిన పడుగు లేదు. అందరివీ షావుకారు దగ్గర కొన్నవే, ముందే గంజి పట్టి వచ్చినవే. కొన్ని ఇళ్లలో మగ్గాలే పోయాయి, మనుషులు గిరణి సైరనుకు లేచి వెళ్లిపోయారు. ఈ సంగతి నాకు తెలుసు, గల్లీలో అందరికీ తెలుసు. నిన్న చప్పట్లు కొట్టినప్పుడు కూడా తెలుసు. ఎవరమూ పైకి అనలేదు, అంతే. నిన్న వకీలు మాట విన్నప్పుడు ఇంతకంటే దెబ్బ ఉండదనుకున్నాను. ఉంది. ఎదురువరసలో మా అత్తింట్లో నా భర్త మగ్గం మీద అప్పటికే పని మొదలుపెట్టాడు, ఆ చప్పుడు వినిపిస్తోంది. ఆ మగ్గం మీదున్నది కూడా కొన్న పడుగే.

నాయిన కుంచె నీళ్లు విదిల్చాడు. ఎదురింటి తలుపు వైపు చూశాడు. పక్కింటి తలుపు వైపు చూశాడు. నీళ్లకు పోతున్న ఒక కోడలు పిల్ల ఆయన పక్కనుంచి తప్పుకుని పోయింది. కర్రలు ఎందుకు నిలబెట్టారో ఆ పిల్లకు తెలియదు. ఎండ అరుగుల మీదికి దిగింది. గంజి మీద మీగడ కట్టింది. అమ్మ లోపలి నుంచి పిలిచింది.

అప్పుడు కొంతం చౌక్ వైపు నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. బండివాడు కుర్రవాడు. పాత బండివాళ్లలా కేక వేయలేదు, చాలా మర్యాదగా దిగి వచ్చాడు.

"మామా, జర ఆ కుండ బాజూకు తీస్తవా? బండి పోవాలె."

నాయిన కుండ పక్కకు జరిపాడు.